స్త్రీధనపు జాబితా

కులబాంధవులారా! మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతములలో మనము లగ్నపత్రికయందు ముహూర్తమును ఘడియ విఘడియలతో వ్రాయింతుము. వధువునకు వచ్చిన కానుకల జాబితా మాత్రము వ్రాయింపము. నా మేనకోడలి లగ్నపత్రిక నేనే వ్రాసితిని. విడాకుల వ్యాజ్యమున తన నగలేవో రుజువు చేయలేక ఆమె నా యెదుట కన్నీరు పెట్టినది.

పెండ్లికి ముందే విడాకుల షరతులు వ్రాసికొను ఒప్పందములను హిందూ వివాహములలో మన కోర్టులు సాధారణముగా మన్నింపవు. ఈ జాబితాను చట్టమే కోరుచున్నది: 1985 నాటి నిబంధనల ప్రకారము వస్తువు, విలువ, ఇచ్చినవారి పేరు, బంధుత్వము చూపి వధూవరులిరువురు సంతకము చేయవలెను.

మెజిస్ట్రేటు ఇప్పించు మనోవర్తికి నెలకు 500 రూపాయల పరిమితి 2001లో తొలగినది, మేలే. కాని యాజ్ఞవల్క్యుడు చెప్పిన స్త్రీధనము మనోవర్తి కాదు, ఆమె సొత్తు.

రాబోవు మాఘమున పెండ్లి గలవారు కాగితము తెండు. నేనే వ్రాసి యిత్తును.