సంతానము కొరకు చేయించు రక్తపరీక్ష
(సికింద్రాబాదునకు వచ్చిన గ్రామ మహిళా సంఘముల సభ్యుల యెదుట చేసిన ప్రసంగ పాఠము)



పెండ్లియై మూడేండ్లు గడచినను కడుపు పండని కోడలిని గూర్చి పల్లెలో ఎట్టి మాటలు పుట్టునో మీకు నేను చెప్పవలసిన పని లేదు. పూర్వము ఆ మాటలకు ఆధారమేమియు నుండెడిది కాదు. నేడు ఒక కాగితము తోడైనది. పట్టణమునుండి తెచ్చిన రక్తపరీక్ష కాగితములో ఒక అంకె ప్రక్కన ‘తక్కువ’ అని గుర్తుండును. డాక్టరు దానిని చూచుటకు ముందే ఇంటిలో తీర్పు జరిగిపోవును. మగనికి మారుమనువు మాట కూడ వచ్చును. ఆ కాగితము ఏమి చెప్పగలదో, ఏమి చెప్పజాలదో మనవి చేయుటకే నేను వచ్చితిని. నేను వైద్యుడను గాను, సమాచారశాఖ ఉద్యోగిని. వైద్యశాస్త్రములో స్థిరపడిన విషయములనే చెప్పుదును.

ఈ సికింద్రాబాదు ప్రాంతముననే, బేగంపేటలో, 1897 ఆగస్టులో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని సూక్ష్మదర్శినితో చూచెను. హార్మోను అట్లు కనబడునది కాదు. గ్రామును నూరు కోట్ల భాగములు చేసిన, అందులో ఒక్కొక్క భాగమును నానోగ్రాము అందురు. మిల్లీలీటరు రక్తములో ఒకటి రెండు నానోగ్రాములున్న పదార్థమును కొలుచుట ఎట్లు? 1950ల చివర న్యూయార్కులో రోజలిన్ యాలో, సాలొమన్ బెర్సన్ అనువారు మొదట ఇన్సులిన్ విషయమున ఆ ఉపాయము కనుగొనిరి. బెర్సన్ 1972లో మరణించెను. 1977లో యాలోకు నోబెల్ బహుమతి లభించెను. నేటి హార్మోను పరీక్షలకు మూలము ఆ పనియే.

హార్మోనులనగా గ్రంథులు రక్తము ద్వారా పంపు ఉత్తరువులు. మెదడు క్రిందనున్న పిట్యుటరీ గ్రంథి, అండమును పక్వము చేయుమని అండాశయమునకు ఎఫ్.ఎస్.హెచ్. అను హార్మోనును పంపును. అండాశయము చురుకుగా బదులిచ్చిన, ఉత్తరువులు తగ్గును. బదులు రానిచో, కచేరీలలో మేము చేయునట్లే, జ్ఞాపికల మీద జ్ఞాపికలు వెళ్లును! అందుచేత ఎఫ్.ఎస్.హెచ్. ఎక్కువగా నుండుట బలమునకు గుర్తు కాదు. అండాశయము అలసినదనుటకు గుర్తు కావచ్చును.

ఏ దినమున రక్తము తీసిరనునది ఇక్కడ ముఖ్యము. ఎఫ్.ఎస్.హెచ్.ను బహిష్టు మొదలైన రెండవ దినము మొదలు అయిదవ దినములోపల చూడవలెను. నెల మధ్యలో తీసిన అంకెను దీనితో పోల్చరాదు. అండము విడుదలయైనదా లేదా యని తెలుపు ప్రొజెస్టెరోన్ పరీక్షకు, తరువాతి బహిష్టు రావలసిన తేదీకి ఏడు దినములు ముందు రక్తమీయవలెను. చాల కాగితములలో ‘21వ దినము’ అని వ్రాయుదురు. అది 28 దినములకొకసారి బహిష్టగు స్త్రీకి సరి. 35 దినములకగు స్త్రీకి 28వ దినము సరియైనది. ఆమె 21వ దినమున రక్తమిచ్చి, అండము విడుదల కాలేదని దుఃఖించుట అనవసరము. కావున బహిష్టు తేదీలను క్యాలెండరులో గుర్తించి, దానిని డాక్టరుకు చూపుడు.

ఇక ఇండ్లలో ఎక్కువ గుబులు పుట్టించునది ఎ.ఎం.హెచ్. పరీక్ష. దీనికి ఏ దినమైనను రక్తమీయవచ్చును. ఆడపిల్ల పుట్టినపుడు అండాశయములలో 10 లక్షలకు పైగా అండములుండును. రజస్వల యగునప్పటికి 3, 4 లక్షలు మిగులును. వయసుతో తగ్గుటయే గాని పెరుగుట లేదు. మిగిలిన నిలువ ఎంతయో అంచనా వేయుటకు ఈ పరీక్ష పనికివచ్చును. గింజలెన్ని యున్నవో గాదె చూచి చెప్పవచ్చును. ఏ గింజ మొలకెత్తునో గాదె చెప్పదు. 2017లో అమెరికాలో ఒక పరిశోధన ప్రకటింపబడినది. గర్భము కొరకు అప్పుడే ప్రయత్నము మొదలుపెట్టిన 30 నుండి 44 ఏండ్ల స్త్రీలు సుమారు 750 మందిని గమనించిరి. ఎ.ఎం.హెచ్. తక్కువగా నున్నవారు తక్కినవారి కంటె తక్కువగా గర్భము ధరించిరని తేలలేదు. టెస్ట్‌ట్యూబు చికిత్సలో మందుకు ఎన్ని అండములు వచ్చునో ఊహించుటకు ఈ అంకె డాక్టరుకు ఉపకరించును. సహజముగా తల్లి కాగలదా యను ప్రశ్నకు ఇది జవాబు కాదు.

అంకె ఎక్కువగా నున్నను సంతోషింప తొందరపడవలదు. అండాశయములలో నీటిబుడగల సమస్య యున్నవారికి అది పెరుగును, బహిష్టులు క్రమము తప్పును. గర్భనిరోధక మాత్రలు వాడువారికి తగ్గి కనబడును. కొలతలును వేరు. ఒక ప్రయోగశాలలో 2 నానోగ్రాములని వ్రాసినది, మరియొక చోట పికోమోల్ లెక్కలో 14 అగును. ఆ రెండు కాగితములను ప్రక్కప్రక్కన పెట్టి తోడికోడండ్రు పోల్చుకొనిన కలహమే మిగులును.

థైరాయిడ్, ప్రొలాక్టిన్ పరీక్షలను మరువవలదు. వీటిలో లోపము చాల మందికి మందులతో చక్కబడును. ప్రొలాక్టిన్ ఆందోళనచేతను, కొన్ని మందులచేతను పెరుగును గావున ఒక్కసారి చూచి నిర్ణయింపరాదు. థైరాయిడ్ పరీక్షను ప్రాథమిక ఆరోగ్య కేంద్రములో రక్తమిచ్చి, 2018లో మొదలైన తెలంగాణ డయాగ్నొస్టిక్స్ ద్వారా ఉచితముగా చేయించుకొనవచ్చును. ముషీరాబాదులోని గాంధీ ఆసుపత్రిలో 2023 అక్టోబరులో ప్రభుత్వ సంతాన సాఫల్య కేంద్రము ప్రారంభమైనది. పరీక్షలు ఏ దినములలో జరుగునో ముందుగా విచారించి బయలుదేరుడు.

ప్రైవేటు కేంద్రమునకు పోవువారు, 2021 నాటి చట్టము క్రింద దాని నమోదు పత్రమును చూపుమని అడుగుడు. 2025 జూలైలో ఈ సికింద్రాబాదుననే ఒక కేంద్రము, అద్దెగర్భము ద్వారా పుట్టిన మీ బిడ్డయని చెప్పి, ఒక దంపతులకు పరుల శిశువును అప్పగించినదను ఆరోపణపై పోలీసులు కేసు పెట్టి డాక్టరును అరెస్టు చేసిరి. ఆశ ఎక్కువైనచోట మోసమునకు దారి సులభము.

ఎప్పుడు పోవలెనని అడుగుదురు. ఏడాదిపాటు కలిసియుండియు గర్భము రానిచో పోవలెను. భార్యకు 35 ఏండ్లు దాటిన, ఆరు నెలలే చాలును. వెళ్లవలసినది మాత్రము ఇద్దరును. లోపము పురుషునియందే యుండు సందర్భములు అరుదు కావు. అయినను స్త్రీకి పది పరీక్షలు జరిగిన పిదప గాని మగవానికి ఒక్కటి జరుగదు. అతనికి మొదట చేయవలసినది వీర్యపరీక్ష. దానికి ముందు రెండు మొదలు ఏడు దినముల వరకు ఎడముగా నుండవలెను. తీవ్రజ్వరము వచ్చి తగ్గిన తరువాత రెండు మూడు నెలల వరకు లెక్క తగ్గి కనబడవచ్చును గావున, ఆ సంగతి డాక్టరుకు చెప్పవలెను. ఆ పరీక్షకు సూదిపోటు కూడ లేదు.