హమ్మస్: మన పళ్ళెంలో దాని చోటు
(మారిషస్‌లో ఉగాది సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంతసేపూ పాటలు విన్నాం, పిల్లల నాట్యం చూశాం. ఇప్పుడు తిండి గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యవర్గంవారు నన్ను నిలబెట్టారు. పక్క హాలులోంచి పులిహోర వాసన వస్తూ ఉండగా ఆహార నియమాల మీద ప్రసంగించడం సాహసమే. అందుచేత మీ ఓర్పును ఎక్కువసేపు పరీక్షించను.

ఈ విషయం ఎన్నుకోవడానికి కారణం మా బంధువుల ఇంట్లో జరిగిన ఒక చిన్న తగవు. ఆ ఇంట్లో అమ్మాయి ఉద్యోగం చేసుకుంటూ సాయంకాలం జిమ్ముకు వెళుతుంది. తల్లికి చాలాకాలంగా చక్కెరజబ్బు. అమ్మాయి అంగడి నుంచి హమ్మస్ డబ్బా తెచ్చి, “అమ్మా, ఇది చాలా మంచిది, మా జిమ్ములో అందరూ తింటారు, రోజూ తిను” అంది. తల్లి బిడ్డ మాట కాదనలేక మూడు నెలలు తిన్నది. తరువాత రక్తపరీక్ష చేయిస్తే చక్కెర తగ్గలేదు సరికదా, బరువు రెండు కిలోలు పెరిగింది. “నీ హమ్మస్ నన్ను ముంచింది” అని తల్లి, “హమ్మస్ ఏం పాపం చేసింది?” అని కూతురు. చివరకు, “బాబాయ్, నువ్వే తీర్పు చెప్పు” అన్నారు. నేను వైద్యుణ్ణి కాను, ముప్పై ఏళ్ళు పిల్లలకు లెక్కలు చెప్పినవాణ్ణి. ఆ రోజు తీర్పు చెప్పలేక, “లెక్క కట్టి చెబుతాను” అని తప్పించుకున్నాను. ఆ లెక్కే ఈ రోజు మీ ముందు పెడుతున్నాను.

మొదట హమ్మస్ అంటే ఏమిటో చూద్దాం. అరబ్బీ భాషలో ఆ మాటకు అర్థం శనగలు, అంతే. ఉడికించిన తెల్ల శనగలను మెత్తగా రుబ్బి, నువ్వుల ముద్ద, నిమ్మరసం, వెల్లుల్లి, ఉప్పు కలిపితే హమ్మస్. ఆ నువ్వుల ముద్దను వారు తహీనీ అంటారు. పైన కాస్త ఆలివ్ నూనె పోస్తారు. లెబనాన్, సిరియా, పాలస్తీనా, జోర్డాన్, ఇజ్రాయెల్, ఈజిప్టు ప్రాంతాలలో ఇది రోజువారీ తిండి. శనగలను ఉడికించి మెదిపి చేసే ఇటువంటి వంటకాలు 13, 14 శతాబ్దాల అరబ్బీ వంటగ్రంథాలలోనే కనబడతాయి. హమ్మస్ మాదంటే మాదని అక్కడి దేశాల మధ్య పెద్ద పోటీ కూడా ఉంది. 2010 మే నెలలో లెబనాన్ వంటవారు 10,452 కిలోల హమ్మస్ చేసి ప్రపంచ రికార్డు సంపాదించారు. ఆ అంకె ఊరికే వచ్చింది కాదు. లెబనాన్ దేశ వైశాల్యం 10,452 చదరపు కిలోమీటర్లు!

మరి మనకు ఇది పరాయిదా? శనగ పంట సుమారు పదివేల ఏళ్ళ క్రితం నేటి తుర్కీ దేశపు ఆగ్నేయ భాగంలో మొదలై, అక్కడినుంచి భారతదేశానికి చేరింది. ఈనాడు ప్రపంచంలో శనగలు అందరికంటె ఎక్కువ పండించేది భారతదేశమే. మన పూర్వుల నాట శ్రావణమాసంలో పేరంటాళ్ళకు ఇచ్చే వాయనం నానబెట్టిన శనగలు. దసరాకు గుగ్గిళ్ళు. నువ్వుల సంగతి చెప్పనే అక్కరలేదు: నువ్వుల పొడి, నువ్వు పచ్చడి, చిమ్మిరి ఉండలు. ఈ దీవిలో మాత్రం? ఉడికించిన గ్రాం పొట్లం కొనుక్కుని బస్సుకోసం నిలబడని మారిషస్ పిల్లవాడు ఎవడున్నాడు? కనుక హమ్మస్ కొత్త చుట్టమేగాని పరాయిది కాదు. శనగలూ నువ్వులూ మన ఇంట్లో వేరు వేరు గిన్నెల్లో ఉన్నాయి, అరబ్బులు ఒకే గిన్నెలో కలిపారు.

ఆ కలపడంలో ఒక తెలివి ఉంది. మాంసకృత్తులు అమైనో ఆమ్లాలతో తయారవుతాయి. శనగల్లో లైసిన్ అనే ఆమ్లం దండిగా ఉంటుంది, మెథియోనిన్ అనేది తక్కువ. నువ్వుల్లో సరిగ్గా తిరగబడి ఉంటుంది. రెండూ కలిస్తే ఒకదాని లోటు మరొకటి తీరుస్తుంది. మనం అన్నంలో పప్పు కలుపుకోవడంలోనూ ఇదే సూత్రం ఉంది. ప్రయోగశాలలు పుట్టకముందే మన అవ్వలూ వారి అవ్వలూ నాలుకతోనే ఈ సంగతి కనిపెట్టారు.

ఇక లెక్క. 100 గ్రాముల ఉడికిన శనగల్లో సుమారు 164 కేలరీలు, 9 గ్రాముల మాంసకృత్తులు, 27 గ్రాముల పిండిపదార్థాలు, ఏడెనిమిది గ్రాముల పీచు ఉంటాయి. ఆ పీచు వల్ల కడుపు నిండినట్టు ఉంటుంది, రక్తంలో చక్కెర మెల్లగా ఎక్కుతుంది. చక్కెరజబ్బు ఉన్నవారికి శనగలు మంచివనడానికి కారణం అదే.

ఇంట్లో చేసుకునే హమ్మస్ కొలత చెబుతాను, తల్లులు గుర్తుంచుకోండి. ఉడికిన శనగలు 250 గ్రాములు, తహీనీ రెండు పెద్ద చెంచాలు, ఆలివ్ నూనె ఒక పెద్ద చెంచా, ఒక నిమ్మకాయ రసం, రెండు వెల్లుల్లి రెబ్బలు, అర చిన్న చెంచా ఉప్పు, కాస్త జీలకర్రపొడి, శనగలు ఉడికిన నీళ్ళు తగినన్ని. శనగలను రాత్రి నానబెట్టి, వేలితో నొక్కితే వెన్నలా నలిగేదాకా ఉడికించాలి. తహీనీ దొరకకపోతే నువ్వులను దోరగా వేయించి మెత్తగా నూరుకోండి. అంతా కలిపి రుబ్బితే సుమారు 400 గ్రాములు వస్తుంది. మొత్తం కేలరీలు 700 పైచిలుకు, మాంసకృత్తులు 27 గ్రాములు. ఆరుగురు పంచుకుంటే మనిషికి 120 కేలరీలు, నాలుగున్నర గ్రాముల మాంసకృత్తులు, మూడు గ్రాములకు పైగా పీచు. ఫ్రిజ్‌లో పెట్టి మూడు నాలుగు రోజుల్లో వాడేయాలి.

ఇందులో గమనించవలసింది ఒకటుంది. ఆ 700 కేలరీల్లో ఒక్క చెంచా ఆలివ్ నూనెవే 120. నూనె మంచిదే అయినా నూనె నూనెయే. పైన ధారగా పోసేవాడి చెయ్యి జారితే లెక్క తప్పుతుంది. అంగడిలో కొనే డబ్బాల్లో కొన్నింటిలో ఆలివ్ నూనెకు బదులు చవకనూనె వాడతారు, ఉప్పు కూడా ఎక్కువ. డబ్బా వెనక చీటీ చదవండి. మొదటి పేరు శనగలై ఉండాలి. కొవ్వు, ఉప్పు ఎంతో చూడండి. రోజంతటికీ ఉప్పు 5 గ్రాములకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది.

ఇప్పుడు జిమ్ముకు వెళ్ళే యువకులకు ఒక మాట. మీలో కొందరు హమ్మస్ తింటే కండలు వస్తాయనుకుంటున్నారు. సాధారణంగా పెద్దవారికి శరీర బరువులో కిలోకు 0.8 గ్రాముల మాంసకృత్తులు కావాలి. కఠినమైన వ్యాయామం చేసేవారికి 1.2 నుంచి 2 గ్రాముల దాకా అవసరమని క్రీడాపోషణ నిపుణులు చెబుతారు. అంటే 70 కిలోల యువకుడికి రోజుకు 84 నుంచి 140 గ్రాములు. హమ్మస్ నుంచి 20 గ్రాములు రాబట్టాలంటే దాదాపు 300 గ్రాములు తినాలి, దానితో 500 కేలరీలు దాటుతాయి. మూడు కోడిగుడ్లలో ఇంచుమించు అంతే మాంసకృత్తులు 220 కేలరీల లోపల దొరుకుతాయి. శాకాహారులైతే గుగ్గిళ్ళు, పప్పు, పెరుగు, సోయా ఉన్నాయి. కనుక కండలకు హమ్మస్‌ను తోడుగా పెట్టుకోండి, దానిమీదే ఆధారపడకండి. పరుగుకు ముందు తింటే పీచూ కొవ్వూ కడుపులో బరువుగా ఉంటాయి. పరుగు అయ్యాక రొట్టెతో, కూరగాయలతో తింటే చక్కగా ఉంటుంది.

మరి ఆ తల్లి బరువు ఎందుకు పెరిగింది? నేను వెళ్ళి ఆమె దినచర్య అంతా అడిగాను. ఆమె పూర్వం తినేదేదీ మానలేదు. ఉదయం రొట్టె, వెన్న, మధ్యాహ్నం అన్నం, సాయంకాలం టీతో గాతో పిమాఁ, రాత్రి ఫరాటా. వీటిపైన, ఆరోగ్యం కోసమని, పది గంటలకు మరొక రొట్టె కోసి దాని నిండా హమ్మస్ రాసుకుని తినేది. నూరు గ్రాముల తెల్లరొట్టె అంటే సుమారు 265 కేలరీలు, 50 గ్రాముల పిండిపదార్థం. రొట్టే హమ్మస్సూ కలిపి రోజుకు నాలుగు వందల కేలరీలు పైకి చేరాయి. మందు అనుకుని తిన్నది కాస్తా మరొక భోజనమైంది. కూతురు “ఇది తిను” అని చెప్పిందిగాని, “దీనికోసం ఏది మానాలి” అన్నది చెప్పలేదు.

నా ప్రసంగమంతా ఈ ఒక్క ముక్కలో ఉంది. హమ్మస్ మంచిదా అని అడగకండి. ఏది తీసి ఆ చోట హమ్మస్ పెట్టారని అడగండి. ఒక పెద్ద చెంచా వెన్నలో, మయొనేజులో ఇంచుమించు 100 కేలరీలు ఉంటాయి. అంతే హమ్మస్‌లో పాతిక, ముప్పై. రొట్టెమీద వెన్న తీసి హమ్మస్ రాస్తే లాభం. సాయంకాలం నూనెలో వేగిన గాతో పిమాఁ మాని, దోసకాయ, కారెట్ ముక్కలు హమ్మస్‌లో అద్దుకుని తింటే ఇంకా లాభం. ఉన్నవన్నీ ఉంచి పైన చేరిస్తే నష్టం.

ఇది నేను కల్పించిన సూత్రం కాదు. మన దేశమే ప్రపంచానికి ఈ పాఠం చెప్పింది. 1987లో మారిషస్ ప్రభుత్వం ఇంటింటా వాడే రేషన్ వంటనూనెలో ఎక్కువభాగంగా ఉన్న పామాయిలును తీసివేసి, ఆ స్థానంలో సోయా నూనె తెచ్చింది. అయిదేళ్ళ తరువాత, 1992లో పరీక్షించగా ప్రజల రక్తంలో కొలెస్టరాల్ సగటున సుమారు 15 శాతం తగ్గింది. ఆ కాలంలోనే పొగతాగడం తగ్గింది, వ్యాయామం పెరిగింది. అయినా నూనె మార్పుకు అందులో పెద్ద పాత్ర ఉన్నదని పరిశోధకులు తేల్చారు. ఒకటి తీశారు, మరొకటి పెట్టారు, ఫలితం వచ్చింది. అయితే అదే కాలంలో స్థూలకాయం పెరిగింది, చక్కెరజబ్బు తగ్గలేదు. నూనె మారిందిగాని పళ్ళెం పరిమాణం మారలేదు. ఈనాటికీ ఈ దీవిలో పెద్దవారిలో దాదాపు అయిదుగురికి ఒకరు చక్కెరజబ్బుతో ఉన్నారు.

కోరింగ రేవు నుంచి ఓడ ఎక్కి వచ్చిన మన పూర్వులు బియ్యం, పప్పు, ఉప్పు, నూనె రేషనుగా తీసుకుని తెల్లవారు జామునుంచి చెరకు తోటల్లో ఒళ్ళు వంచారు. తిన్న ప్రతి మెతుకూ చెమటగా కరిగింది. వారి ఆకలి మనకు వారసత్వంగా వచ్చింది, వారి చాకిరీ రాలేదు. మనం కారులో కచేరీకి వెళ్ళి, కుర్చీలో కూర్చుని, కారులో ఇంటికి వస్తున్నాం. వారానికి కనీసం 150 నిమిషాలు చురుకుగా నడవమని వైద్యశాస్త్రం చెబుతోంది. రోజుకు అరగంట లోపే. ఆ అరగంట లేకుండా ఏ శనగలూ మనల్ని కాపాడలేవు.

మా నాన్నగారు ఈ జబ్బుతోనే ఒక కాలు పోగొట్టుకున్నారు. ఆ రోజుల్లో మా ఇంట్లో ఎవరమూ పళ్ళెంలో ఏముందని అడగలేదు. పెట్టడమే ప్రేమ అనుకున్నాం. అమ్మ మరో గరిటె వేసేది, నాన్న వద్దనేవారు కారు. అందుకే ఆ తల్లీకూతుళ్ళ తగవు విని నాకు నవ్వు రాలేదు. కూతురు తల్లికోసం డబ్బా మోసుకొచ్చింది, తల్లి కూతురి కోసం తిన్నది. ఇద్దరిదీ ప్రేమే. కూర్చుని లెక్క చూసుకోవడం ఒక్కటే కొరవడింది.

మరి రెండు హెచ్చరికలు. నువ్వులు పడనివారు కొందరుంటారు, వారికి తహీనీ ప్రమాదం. చక్కెర మాత్రలు గాని ఇన్సులిన్ గాని తీసుకుంటున్నవారు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు భోజనం మార్చేముందు తమ డాక్టరును అడగాలి. నా లెక్కలు బడిపంతులు లెక్కలే.

ఇప్పుడు ఆ ఇంట్లో పది గంటల రొట్టె మానేశారు. ఉదయపు రొట్టె సగమైంది, దానిమీద వెన్న పోయి హమ్మస్ వచ్చింది. అది కూడా అమ్మ చేత్తో రుబ్బినదే. కూతురు జిమ్ము నుంచి రాగానే ఇద్దరూ కలిసి అరగంట నడుస్తున్నారు. రక్తపరీక్ష మళ్ళీ వచ్చే నెలలో. ఫలితం ఎలా వస్తుందో గాని, ఇంట్లో తగవు మాత్రం తీరింది.

ఈ రోజు ఉగాది పచ్చడి తిన్నాం. ఆరు రుచులూ ఉంటాయి, ఏదీ ఎక్కువ కాదు, దోసిట్లో పట్టేంతే పెడతారు. మన పెద్దలు కొలత నేర్పడానికి అంతకంటె చక్కని పాఠం ఏముంది? పక్క హాలులో భోజనాలు సిద్ధంగా ఉన్నాయి. తృప్తిగా తినండి. రెండోసారి వడ్డించడానికి వచ్చినప్పుడు మాత్రం ఈ పంతులు మాట ఒకసారి తలుచుకోండి.