ఆ ఫోటో యాడిదో అడిగి చూద్దాం
(మండల సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పొదుపు, బ్యాంకు లింకేజీ లెక్కలు ఇంతకుముందే చదివినారు. మేము చెప్పబోయేది ఫోను గురించి. మీటింగు తేదీ, కంతు తేదీ అన్నీ ఇప్పుడు వాట్సాప్‌లోనే వస్తున్నాయి కదా. వాటి వెనకాలే ఎవరూ అడగనివి కూడా వస్తున్నాయి.

2018 మే నెల మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు దిగినాయని ఊరూరా పుకారు. రాత్రిళ్ళు మగవాళ్ళు కట్టెలు పట్టుకుని కాపలా కాసినారు. ఆ రోజుల్లోనే మా ఊరికి తలవెంట్రుకలు కొనే ఆమె వచ్చింది. ఏండ్ల తరబడి వస్తా ఉన్న మనిషే, వెంట్రుకలిస్తే స్టీలు గిన్నె ఇచ్చి పోతుంది. ఎవరో ఫోన్లో ఒక ఫోటో చూపించి "ఈమే ఆమె" అన్నారు. అంతే, గుంపు చేరింది. మా సంఘం లీడరక్క ఆమెను చెయ్యి పట్టి తన ఇంట్లోకి లాక్కుని తలుపేసుకుంది. పోలీసులు వచ్చేదాకా తీయలేదు.

ఆ తలుపు బయట నిలబడినవాళ్ళలో మేమూ ఉన్నాము. ఆ ఫోటోను సంఘం గ్రూపులో పెట్టిందీ మేమే. అది దాచిపెట్టి ఈ వేదిక మీద మాట్లాడితే బాగుండదు. ఆమె మళ్ళీ మా ఊరికి రాలేదు.

అదే నెల 9వ తేదీన, వేలూరు దాటినాక తిరువణ్ణామలై జిల్లాలో, కులదైవం గుడికి పోతూ దారిలో పిల్లలకు చాక్లెట్లు ఇచ్చిన 65 ఏండ్ల ముసలమ్మను జనం కొట్టి చంపేసినారు. ఆమెకు అట్లాంటి తలుపు దొరకలేదు.

అప్పుడు దేశమంతా తిరిగిన వీడియో ఒకటి ఉంది. మోటారు సైకిల్ మీద వచ్చి పిల్లవాణ్ణి ఎత్తుకుపోతారు. అది మన దేశంలో తీసిందే కాదు. పిల్లలను జాగ్రత్తగా చూసుకోండని చెప్పడానికి పాకిస్తాన్‌లోని కరాచీలో తీసిన ప్రచార చిత్రం. చివర్లో పిల్లవాణ్ణి తెచ్చి దించి, అట్ట మీద రాసిన మాట చూపిస్తారు. ఆ ముక్క కత్తిరించి మనకు పంపినారు. బొమ్మ ఉన్నదే, దానికి కట్టిన మాట అబద్ధం.

దీన్ని పట్టుకోవడానికి పెద్ద చదువు అక్కర్లేదు. వాట్సాప్‌లో వచ్చిన ఫోటోను గ్యాలరీలో సేవ్ చేయండి. గూగుల్ యాప్ తెరిస్తే వెతికే గడిలో కెమెరా గుర్తు ఉంటుంది. దాన్ని నొక్కి ఆ ఫోటోను ఎంచుకోండి. అదే ఫోటో ఇంకా ఎక్కడెక్కడ ఉందో వరసగా చూపిస్తుంది. పాత తేదీ ఏదో వెతకండి. నిన్న జరిగిందని వచ్చిన ఫోటో మూడేండ్ల కిందటి పేపర్లో కనిపిస్తే ఇంక చెప్పేదేముంది! వీడియో అయితే మనిషో, బోర్డో స్పష్టంగా కనిపించే చోట ఆపి స్క్రీన్‌షాట్ తీసుకోవాల. దీన్ని రివర్స్ ఇమేజ్ సెర్చ్ అంటారు. పేరు నోరు తిరగకపోయినా పని మాత్రం పప్పు రుబ్బినంత కష్టం లేదు.

మన తిరుపతి మాటే తీసుకోండి. తిరుమల పూజారి ఇంట్లో ఇన్‌కమ్ ట్యాక్స్ రైడు చేస్తే 128 కిలోల బంగారం దొరికిందని ఒక వీడియో తిరిగింది. బల్లల నిండా నగలు. చూసినవాళ్ళు బుగ్గన చెయ్యి పెట్టుకున్నారు. ఆ నగలు 2021 డిసెంబరులో వేలూరులో ఒక నగల అంగడి వెనక గోడకు కన్నం వేసి దోచుకున్నవి. పోలీసులు దొంగను పట్టుకుని, శ్మశానంలో పూడ్చిపెట్టిన సుమారు 16 కిలోలను తవ్వి తీసి చూపించినారు. మనం ఆసుపత్రికి పోయే వేలూరే! అంత దగ్గర బంగారానికి మన కొండ పేరు కట్టి ఊరేగించినారు. ఆ వీడియోలోని ఒక్క బొమ్మను వెతికినా వేలూరు వార్తలు బయటపడతాయి.

ఇది అన్నిటికీ మందు కాదు. వెతికినా ఏమీ రాలేదంటే ఫోటో నిజమని అర్థం కాదు. నిన్న తీసింది కావచ్చు, కంప్యూటరు పుట్టించింది కావచ్చు. ఆధార్, పాస్‌బుక్, మన ఆడపిల్లల ఫోటోలు మాత్రం ఇట్లా ఎక్కించొద్దు, అవి మన చెయ్యి దాటిపోతాయి. ఫోటో నమ్మి ఇప్పటికే డబ్బు కట్టి మోసపోయినవాళ్ళుంటే సిగ్గుపడకుండా వెంటనే 1930కి ఫోను చేయండి.

శ్రీకాళహస్తి కలంకారీ పని చేసే చెల్లెళ్ళకు ఇంకో ఉపయోగం ఉంది. మీరు వేసిన చీర ఫోటోను వేరెవరైనా తమదని పెట్టి అమ్ముతున్నారేమో ఇదే దారిలో చూసుకోవచ్చు.

మా గ్రామ సంఘంలో ఇప్పుడు ఒక తీర్మానం ఉంది. మనుషుల మీద నింద వేసే ఫోటో ఎవరు పెట్టినా, అది యాడిదో వాళ్ళే వెతికి చెప్పాల. చెప్పలేకపోతే వాళ్ళే తీసేయాల. మొదట్లో అలిగినవాళ్ళున్నారు, ఇద్దరు గ్రూపు నుంచి వెళ్ళిపోయినారు కూడా. ఒకరు తిరిగొచ్చినారు.

భోజనాల తర్వాత మా యానిమేటరు వెనక వరసలో కూర్చుంటుంది. ఫోన్లు తెచ్చుకోండి. ఈ వారం మీకు వచ్చిన ఫార్వర్డుల్లో మీరు బాగా నమ్మింది ఏదో, దాంతోనే మొదలుపెడదాం.