పాడ్‌కాస్టు పుట్టుక



రేడియో ప్రసంగమునకు ఒక లోపము కలదు. అది తన వేళకు వచ్చును గాని మన వేళకు రాదు. వక్త మాటలాడుచుండగా పశువులకు మేత వేయుటకై లేచిన రైతు తిరిగి వచ్చి కూర్చుండునప్పటికి సగము ప్రసంగము గాలిలో కలిసిపోవును. పోయిన మాటను మరల రమ్మనుటకు వీలులేదు. ఈ లోపమును సవరింపవలెనని 2000 సంవత్సర ప్రాంతమున అమెరికాలో కొందరు యంత్రప్రియులు పూనుకొనిరి. వారి యత్నమునుండి పుట్టినదే పాడ్‌కాస్టు. నేడు మీ మనుమలు ఫోనుతీగ చెవులకు తగిలించుకొని తమలో తాము నవ్వుకొనుచు వినుచున్నది పలుమారులు ఇదియే. ఇది యెట్లు పుట్టినదో, దీనికి వచ్చిన గండమెట్టిదో నేను మనవి చేసెదను.

మొదట ధ్వని చిన్నది కావలసి యుండెను. సీడీ పళ్లెముపై ఒక్క నిమిషపు ధ్వనికి సుమారు 10 మెగాబైట్ల చోటు పట్టును. జర్మనీలో ఎర్లాంగెన్ పట్టణమందలి ఫ్రౌన్‌హోఫర్ సంస్థవారు, మన చెవి యెట్లును పట్టుకొనలేని అంశములను ఏరివేసినచో అదే ధ్వనిని ఒక్క మెగాబైటులో ఇముడ్పవచ్చునని చూపిరి. దీనికే ఎంపీత్రీ యని పేరు. చెరకును గానుగ యాడి, పిప్పిని పొలముననే విడిచి, రసమును మాత్రము తీసికొనిపోవుట వంటిదీ పని. అయినను ఆ దినములలో పెక్కు ఇండ్లలోని కంప్యూటరును లోకముతో కలుపునది టెలిఫోను తీగయే. ఆ తీగపై ఒక మెగాబైటు దిగుటకు రెండు నిమిషములకు పైగా పట్టెడిది. అరగంట ప్రసంగమునకు గంటకు మించి కాచుకొనవలెను. అంత ఓర్పు ఎవరికుండును?

ఆడం కర్రీ యనునతడు ఎంటీవీ టెలివిజనులో పాటల కార్యక్రమములు నడపి పేరు పొందినవాడు. డేవ్ వైనర్ యనునతడు కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాయువాడు. 2000లో వీరిరువురు న్యూయార్కులో కలిసికొన్నప్పుడు కర్రీ తన ఊహను వైనరునకు వివరించెను. శ్రోతను కూర్చుండబెట్టి కాచుకొమ్మనుట యెందులకు? అతడు నిద్రించుచుండగా కంప్యూటరే ప్రసంగమును మెల్లగా దింపి సిద్ధముగ నుంచరాదా? కాలువ చివరి భూములవారికి ఈ యుపాయము క్రొత్తది కాదు. రాత్రి వంతున వచ్చిన సన్నని నీటిని గుంటలో నింపుకొని, తెల్లవారినపిదప మడికి పెట్టుకొనుట వారు ఎరిగినదే.

వైనరు చేతిలో అప్పటికే ఆర్‌ఎస్‌ఎస్ అను పద్ధతి యుండెను. అది పత్రికలోని విషయసూచిక వంటిది. రచయిత క్రొత్తది వ్రాసినప్పుడెల్ల అందులో ఒక పంక్తి చేరును. చందాదారుని కంప్యూటరు తడవతడవకు ఆ సూచికను చూచి, క్రొత్తది కనబడగానే తెచ్చుకొనును. ఉత్తరమునకు పొట్లము కట్టి పంపినట్లు ఆ పంక్తికి ధ్వనిని ముడివేయు ఏర్పాటును వైనరు 2000 డిసెంబరులో చేర్చెను. 2001 జనవరిలో గ్రేట్‌ఫుల్ డెడ్ అను గాయక బృందము పాట నొకదానిని అట్లు పంపి చూపెను. త్రోవ సిద్ధమైనది గాని దానిపై నడచువారు చాలకాలము లేకుండిరి.

2003లో బోస్టను నగరమున క్రిస్టఫర్ లైడన్ అను పత్రికారచయిత ఆ త్రోవ పట్టెను. ఆయన అచ్చటి రేడియోలో పేరుపడిన కార్యక్రమమును నడుపుచు, దానిపై హక్కు ఎవరిదను వివాదము వలన 2001లో వెలుపలికి వచ్చినవాడు. హార్వర్డు విశ్వవిద్యాలయమునకు చెందిన బర్క్‌మన్ కేంద్రమున వైనరు అప్పుడుండెను. లైడన్ అక్కడ వైనరు మొదలగువారితో సంభాషణలు జరిపి ఈ పద్ధతిన లోకమునకు పంపెను. రేడియో స్టేషను లేని రేడియోమనిషి! నాకు ఈ కథలో అందరికంటె ఇష్టుడు ఇతడే.

పేరు పెట్టినది వేరొకరు. 2004 ఫిబ్రవరిలో లండనునందలి గార్డియన్ పత్రికలో బెన్ హామర్స్‌లీ ఈ క్రొత్త వేడుకను ఏమని పిలువవలెనని అడుగుచు మూడు పేర్లను సూచించెను, అందొకటి పాడ్‌కాస్టింగు. ఆపిల్ కంపెనీవారు 2001లో విక్రయింప మొదలిడిన ఐపాడ్ అను జేబుయంత్రము నుండి సగము, బ్రాడ్‌కాస్టు నుండి సగము. బ్రాడ్‌కాస్టు అను మాటకు తొలి యర్థము విత్తనములు చేతితో వెదజల్లుట. పాడ్ అనగా గింజలు గల కాయ. రైతులు పెట్టవలసిన పేరును పట్నవాసులు పెట్టిరి.

అదే సంవత్సరమున కర్రీ ఐపాడర్ అను చిన్న ప్రోగ్రామును తానే వ్రాసి, ఎవరైనను దిద్దుకొనవచ్చునని లోకమునకు విడిచిపెట్టెను. తెలిసినవారు దానిని బాగుచేసిరి. ఆగస్టులో అతడు నిత్యకార్యక్రమ మొకటి ప్రారంభించెను. ఆ సెప్టెంబరు చివర పాడ్‌కాస్ట్స్ అను మాటను గూగులులో వెదకగా 24 చోట్ల మాత్రమే దొరికినదని డాక్ సెర్ల్స్ అను రచయిత వ్రాసియున్నాడు. మరుసటి సంవత్సరమున న్యూ ఆక్స్‌ఫర్డ్ అమెరికన్ నిఘంటువువారు పాడ్‌కాస్టును 2005 సంవత్సరపు మాటగా ఎన్నుకొనిరి. విస్కాన్‌సిన్ రాష్ట్రమున ఒక పాత పాడిక్షేత్రమున కాపురముండిన డాన్, డ్రూ అను దంపతులు తమ ఇంటి ముచ్చటలే చెప్పి పేరు పొందిరి. వారి మాటలు పెద్దల యెదుట వినదగినవి కావు. అయినను జనము విన్నారు. 2005 జూన్ 28న ఆపిల్ వారు తమ ఐట్యూన్స్ అంగడిలో మూడువేలకు పైగా ఇట్టి కార్యక్రమములను చేర్చగా, రెండు దినములలో పది లక్షల చందాలు చేరెను.

ఇందులో అసలు సంగతి యంత్రము కాదని నా యభిప్రాయము. రేడియో ప్రసారమునకు ప్రభుత్వపు లైసెన్సు కావలెను, దీనికి అక్కరలేదు. లైసెన్సు లేకపోవుట యనగా నేమో మన తెలంగాణమున జహీరాబాదు దగ్గరి మాచనూరు స్త్రీలకు తెలియును. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ తోడ్పాటుతో ఆ దళిత స్త్రీలు రేడియో కేంద్రమును సిద్ధము చేసికొని, అనుమతి కొరకు సుమారు పదేండ్లు కాచుకొనిరి. 2008 అక్టోబరున గాని వారి గొంతు గాలిలోనికి రాలేదు. అందాక ఊరక కూర్చుండలేదు. విత్తనములను గూర్చి, చిరుధాన్యములను గూర్చి తాము చెప్పుకొన్న మాటలను, పాటలను క్యాసెట్టులపై పట్టి, ఊరూరి సంఘములకు కొనిపోయి వినిపించిరి. గాలిత్రోవ మూసియుండగా చేతిత్రోవన పంపిరి. బోస్టనులోని లైడన్ చేసిన పనికిని దీనికిని తేడా తీగ మాత్రమే.

అట్టి త్రోవకు ఒక గండము వచ్చినది. పర్సనల్ ఆడియో అను అమెరికా కంపెనీ, భాగములు భాగములుగా వచ్చు ధ్వనికార్యక్రమములను ఇట్లు పంపు పద్ధతి తమదేయని 2012లో పేటెంటు పొంది, 2013లో పాడ్‌కాస్టు నడుపువారిపై దావాలు వేసెను. వారి ప్రాతిపదిక 1996నాటి దరఖాస్తు. తమ ఇంటి గదిలో కూర్చుండి మాటలాడువాడు న్యాయవాదికి లక్షలెక్కడనుండి తేగలడు? ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ అను సంస్థ ప్రజలనుండి చందాలు ప్రోగుచేసి, పేటెంటు కార్యాలయమునందే దానిని ఎదిరించెను. దరఖాస్తుకు పూర్వమే ఇట్టి పని జరిగినదని చూపవలెను. ఆ సాక్ష్యము ఎక్కడ దొరికినదో వినుడు. సీఎన్ఎన్ వార్తలను ఇంటర్నెట్టుపై పంపిన ఒక ప్రయత్నము, కెనడా దేశపు ప్రజారేడియో తన కార్యక్రమములను ఇంటర్నెట్టుపై ఉంచి చేసిన పరీక్ష! రేడియో చేసిన పాత పనియే దాని పిల్లను కాపాడినది. 2015 ఏప్రిలులో ఆ హక్కులు చెల్లవని నిర్ణయమయ్యెను. 2017లో ఫెడరల్ అప్పీలు కోర్టు దానిని స్థిరపరచెను. 2018లో అమెరికా సుప్రీముకోర్టు ఆ కంపెనీ మొరను విచారణకు స్వీకరింపలేదు.

వైనరు ముడివేసిన ఆ పొట్లపు పద్ధతి నేటికిని సొంతదారు లేకయే నడచుచున్నది. పెద్ద కంపెనీలు కొన్ని కార్యక్రమములను కొని, తమ గుమ్మమునకు వచ్చినగాని వినిపింపమని గడియ వేసికొనుచున్నవి. ఆ గడియ లేనివి ఇప్పటికిని వేలకు వేలు కలవు. మీకు వినవలెనని యున్నచో మనుమని అడిగి ఒకటి పెట్టించుకొనుడు. నడుమ మేత వేయుటకు లేచినను, అది మీరు వచ్చువరకు ఆగియుండును.

నాకిచ్చిన వేళ అయినది. సెలవు.