జెల్ ఎంత ఉబ్బుతుంది? బావినీటి లెక్క



సబ్జా గింజలు నీళ్ళలో వేస్తే చుట్టూ జిగురుపొర ఉబ్బడం మనందరికీ తెలిసిందే. హైడ్రోజెల్ స్వభావమూ అదే. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధనా సంస్థ రూపొందించిన పూసా హైడ్రోజెల్, శుద్ధమైన నీటిని తన బరువుకు 350 రెట్లయినా పీల్చుకుంటుంది. తిరుత్తణి మెట్టపొలాల్లో వేరుశనగ వేసే రైతుకు ఇది ఆశ కలిగించే మాటే. అయితే ఆ అంకె మన బావినీటికి వర్తిస్తుందా?

1943లో ఫ్లోరీ, రేనర్ అనే శాస్త్రవేత్తలు ఈ ఉబ్బుకు లెక్క కట్టారు. జెల్ అంటే పొడవైన అణుగొలుసుల వల. నీరు లోపలికి చొరబడి వలను సాగదీస్తుంది. సాగిన వల వెనక్కి లాగుతుంది. ఈ రెండూ సరితూగిన చోట ఉబ్బడం ఆగుతుంది. పొలంలో వాడే జెల్‌లో వలకు విద్యుదావేశం కూడా ఉంటుంది. దాని వెంట ఉండే అయాన్లు నీటిని మరింతగా లోపలికి రప్పిస్తాయి. బయటి నీటిలోనే ఉప్పు ఉంటే ఆ బలం తగ్గిపోతుంది. కఠినజలంలోని కాల్షియం గొలుసులను ఇంకా బిగించేస్తుంది.

తిరువళ్ళూరు జిల్లా మీంజూరు వైపు సముద్రపు ఉప్పు భూగర్భజలంలోకి చొచ్చుకువచ్చింది. అటువంటి చోట సంచిమీది అంకెను నమ్మి ఖర్చు పెట్టరాదు.

కొనేముందు ఒక గ్రాము పొడిని లీటరు వాననీటిలో, మరొక గ్రామును లీటరు బావినీటిలో నానబెట్టండి. మరునాడు వడగట్టి తూచండి. బావినీటిలో వచ్చిన తూకమే మీ పొలానికి అసలు లెక్క.