చేతి నేర్పు – తప్పుల లెక్క
(పాఠశాల వార్షికోత్సవ సభలో ప్రధానోపాధ్యాయుని ఉపన్యాసము)



మన పాఠశాల బాలబాలికలలో డాక్టరు కావలెనని కోరువారు పెక్కుమంది కలరు. కోరిక మంచిదే. అయితే మంచి శస్త్రవైద్యుడు ఎట్లు తయారగునో, అతని పని మంచిదని ఎట్లు తెలియునో మీకు నాలుగు మాటలలో మనవి చేయదలచితిని.

ఈ విద్యకు పుస్తకజ్ఞానమొక్కటియే చాలదని మన పూర్వు లెఱుగుదురు. సుశ్రుతసంహితలో చేతి అభ్యాసమునకై ఒక అధ్యాయమే కలదు. శిష్యుడు మొదట గుమ్మడి, సొర, పుచ్చ, దోసకాయలపై కోత నేర్చుకొనవలెను. గుడ్డపై, మెత్తని తోలుపై కుట్టు నేర్చుకొనవలెను. సొరకాయపై చేయి తప్పినచో ఏ తల్లియు కన్నీరు పెట్టుకొనదు గదా!

నేర్చిన పిమ్మట ఫలితమును కూడ లెక్కించుకొనవలెను. అమెరికాలోని బోస్టను నగరమున ఎర్నెస్ట్ కాడ్మన్ అను సర్జను ఒక చిన్న ఆస్పత్రి నడిపెను. రోగి ఇల్లు చేరిన తరువాత గూడ అతని క్షేమము విచారించి వ్రాసి ఉంచెడివాడు. 1911 మొదలు 1916 వరకు తన ఆస్పత్రినుండి వెడలిన 337 మంది విషయమున 123 తప్పులు గుర్తించి, వానిని దాచక అచ్చొత్తించెను. ఆ పద్ధతి నాటి తోటివైద్యులలో పలువురకు రుచింపలేదు. నేడు వైద్యనాణ్యతా పరిశోధనకు ఆద్యులలో ఒకనిగా ఆయనను గౌరవించుచున్నారు.

2013లో అమెరికాలోని మిచిగన్ రాష్ట్రమునుండి మరియొక పరిశోధన వెలువడినది. స్థూలకాయము తగ్గించుటకు కడుపునకు ఆపరేషను చేయు సర్జనులు 20 మంది తమ పనిని వీడియో తీసి, ఒక్కొక్కటి చొప్పున పంపిరి. తోటి సర్జనులు, అది ఎవరి చేతిపనియో తెలియకయే, చూచి మార్కులు వేసిరి. ఎక్కువ మార్కులు వచ్చిన నాలుగవ వంతు సర్జనుల రోగులలో నూటికి 5.2 మందికి ఆపరేషను పిమ్మట చిక్కులు కలిగినవి. తక్కువ మార్కులవారి రోగులలో నూటికి 14.5 మందికి కలిగినవి. వీరందరును పట్టాలు పొంది వృత్తి చేయుచున్నవారే! పట్టా చెప్పని భేదమును తోటివారి కన్ను పట్టుకొన్నది.

ఇక మన మాట. పిల్లవాని నోటుపుస్తకములో ఎఱ్ఱసిరా గీతలు చూచి కొందరు తలిదండ్రులు చిన్నబుచ్చుకొందురు. కొందరు పిల్లలు ఆ పుట చించి దాచుదురు. అయ్యా, అమ్మా, నోటుపుస్తకము బాలునికి సొరకాయ వంటిది. తప్పు అక్కడ పడుటయే మేలు. దాచు అలవాటు ఇప్పుడు అబ్బినచో, రేపు దాని ఫలము అనుభవించునది బల్లపై పరుండిన రోగి. కావున సాయంకాలము మార్కు లెన్ని అని అడుగుటకు ముందు, “ఏది తప్పినది? మరల చేసి చూచితివా?” అని మన తెలుగులోనే చల్లగా అడుగుడు. దండింపకుడు. తప్పు చెప్పుటకు భయపడని బిడ్డయే దానిని దిద్దుకొనగలడు.