పాత మోటారు పడవ చుక్కాని మరమ్మతు



ఈ వేదికపై నేను విద్యను గూర్చియో, సంస్కృత సాహిత్యమును గూర్చియో ముచ్చటింతునని మీలో పలువురు తలచియుందురు. నేడు పడవ చుక్కానిని గూర్చి నాలుగు మాటలు మనవి చేయనెంచితిని. గోదావరీ తీరమున ముప్పదియేండ్లు బడిపంతులుగా నుండి, లంక గ్రామముల బిడ్డలు రేవు దాటి చదువునకు వచ్చుట దినదినము చూచినవాడను. వారిని మోయునది పడవ, నడుపునది ఇంజను. వారిని ఒడ్డు చేర్చు పూచీ మాత్రము చుక్కానిది.

సంస్కృతమున నావికునకు కర్ణధారుడని పేరు. ఇచ్చట కర్ణమనగా చెవి కాదు, చుక్కాని. అమరసింహుడు కర్ణధార, నావిక శబ్దములను పర్యాయములుగా జెప్పియున్నాడు. పడవలో తెడ్డు వేయువారెందరున్నను, చుక్కాని పట్టినవానినిబట్టియే ఆ వృత్తికి పేరు వచ్చినదన్నమాట.

నార్వేలో బుట్టి అమెరికాలో స్థిరపడిన ఓల్ ఎవిన్‌రూడ్ 1909 ప్రాంతమున పడవ వెనుక బిగించు ఇంజనును విక్రయించి బహుళ ప్రచారమునకు దెచ్చెను. ఇట్టి పడవకు వేరు చుక్కాని లేదు. ఇంజనే ప్రక్కలకు తిరుగును; దాని రెక్కలు నీటిని త్రోయు దిక్కునుబట్టి పడవ మరలును. కావున ఇంజను ఆగినచో చుక్కాని బలము కూడ దాదాపుగా పోవును. ఎంత క్రొత్త ఇంజనున్నను పడవలో తెడ్డును, గడను ఉంచుకొనవలసినది ఇందువలననే.

చక్రమున్న చిన్న పడవలో ఏర్పాటు ఇట్లుండును. చక్రము వెనుక పండ్లచక్రముల పెట్టె యొకటి. దానినుండి తొడుగులో నడచు ఇనుప కేబులు. ఆ కేబులు కొన ఇంజను బిగింపులోని గొట్టము గుండ బయటికి వచ్చి, ఒక లంకె కడ్డీచేత ఇంజనును త్రిప్పును. చక్రము గట్టిపడినదన్నచో లోపము ఈ నాలుగింటిలో ఎందేని ఉండవచ్చును. ఎచ్చటనో తెలిసికొనకయే సొమ్ము వెచ్చించుట తగదు.

నా మేనల్లుని పాత ఫైబరు పడవకు చక్రము రెండు చేతులం బట్టినను కదలకుండెను. పట్టణమందలి మెకానిక్కొకడు ఏర్పాటంతయు తీసివైచి, నూనె ఒత్తిడితో నడచు హైడ్రాలిక్ సాధనము పెట్టవలెననెను. మేము మొదట లంకె కడ్డీ నొక్కదానిని విప్పి, ఇంజనును చేతితో త్రిప్పి చూచితిమి. అది సులువుగా తిరిగెను. కావున ఇంజను ఇరుసు నిర్దోషి. అదియే బిగిసియున్నచో గ్రీజు మొనలద్వారా ఇరుసునకు గ్రీజు పట్టించవలసివచ్చెడిది. పిమ్మట కేబులును చక్రపు పెట్టెనుండి వేరుచేసితిమి. చక్రము వట్టిగా తేలికగా తిరిగెను. దోషము కేబులునందే యని తేలినది. గొట్టములో పాత గ్రీజు రాయివలె గట్టిపడి, కేబులు కొన త్రుప్పుపట్టియుండెను.

త్రుప్పుపట్టిన కేబులులోనికి నూనె పోసి మరల వాడుకొందమనుట మనలో తరచుగా గనబడు అలవాటు. అది నాలుగు దినముల ముచ్చట. లోని తీగె త్రుప్పుపట్టిన పిమ్మట దానిని మార్చుటయే మేలు. క్రొత్తది కొనుటకు ముందు పాత కేబులు తొడుగుపై ముద్రించిన సంఖ్యను చూడుడు. సాధారణముగా నిడివి అందే తెలియును. దానిని 8 అంగుళముల వ్యాసార్ధముకంటె బిగువుగా వంచరాదు. గొట్టమును గుండ్రని కుంచెతో శుభ్రముగా తుడిచి, నీటికి చెడని గ్రీజు పూసి, పిమ్మట కేబులు దూర్చవలెను. గొట్టమునకు గ్రీజు మొన ఉన్నచో, చక్రమును త్రిప్పి కేబులు కొనను పూర్తిగా గొట్టములోనికి లాగి, అప్పుడే గ్రీజు ఎక్కించవలెను. కొన బయటికి చాగియున్నపుడు ఎక్కించినచో గ్రీజు లోన నిండి చుక్కాని బిగిసిపోవచ్చును. లంకె కడ్డీని బిగించుటకు, లోన నైలాను వలయమున్న క్రొత్త నట్లు వాడుడు. ఒకమారు విప్పినవాని పట్టు నమ్మదగినది కాదు.

హైడ్రాలిక్ సాధనము అనవసరమని నేననుట లేదు. పెద్ద ఇంజనులకు అది మేలైనది. ఇంజను త్రోపు చక్రమునకు రాదు, చేయి నొవ్వదు. కాని దానికి నూనె కారకుండ చూడవలెను. గొట్టములలో గాలి చేరినచో చక్రము మెత్తబడును, ఆ గాలిని వెడలించవలెను. దానికై నిర్ణయించిన నూనెనే పోయవలెను. మోటారు బండ్ల బ్రేకు నూనె పోయరాదు. చిన్న ఇంజనుకు మంచి కేబులు చాలును. చక్రము ఒక ప్రక్కకు లాగుచున్నదను బాధ మాత్రమే యున్నచో, ఆ త్రోపును చక్రమునకు రానీయని పెట్టెలు కేబులు ఏర్పాటునందును గలవు.

మహాజనులారా! కేబులు ఒక్క దినమున తెగదు. చక్రము నానాటికి బరువెక్కును. సరంగు తన చేతిబలము పెంచుకొని దానికి అలవాటు పడును. వరదనీటి సుడిలో చప్పున మరల్చవలసిన క్షణమున ఆ బలము చాలదు. ఆ పడవలో నాడు మన బిడ్డలుందురు. కనుక ఏటేట వరదలకు ముందు, వైశాఖ మాసమున, ప్రతి పడవ యజమానియు లంకె కడ్డీ విప్పి ఇంజనును చేతితో త్రిప్పి చూడవలెనని నా ప్రార్థన. ఈ పరీక్షకు కావలసినవి రెండు పానాలును అరగంట కాలమును మాత్రమే.

పోషకులకు ఒక విన్నపము. నాకు ఈ సభలో శాలువ కప్పదలచినచో, దాని వెలతో ఒక గ్రీజు తుపాకియు, కొన్ని నట్లును కొని మా రేవునందుంచుడు. ఇతర రేవులకును దాతలు ముందుకు వచ్చినచో ఈ సభ సార్థకమగును.